రిజిస్టరులో లేని నాలుగో గర్భిణి

మా కొరోలైలైలో ఎవరికి ఏ జబ్బు చేసినా మొదట దేవుడికి తెలుస్తుంది, తర్వాత అరియెతాకి తెలుస్తుంది. దేవుడు బయటికి చెప్పడు, అరియెతా చెబుతుంది. మా ఊరి పెద్ద అపెనిసాకి తామర పట్టుకున్న సంగతి, చర్చి మెట్ల మీద ఇరవై మంది ఉండగా, "పెద్దాయనా, మందు రాస్తున్నావా లేదా? దురద ఎలా ఉంది?" అని గొంతెత్తి అడిగిన మనిషి ఆమె. ఆ రోజు ఆయన ప్రార్థనకి ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆమె ఎదురైతే గోక్కోవడం మానేస్తాడు.

కరోనా మా దీవి దాకా వచ్చిన సంవత్సరం మా ఊళ్ళో గర్భిణులు నలుగురు. రిజిస్టరులో ఉన్నది ముగ్గురు. నాలుగో మనిషి ఆ రిజిస్టరు రాసే అరియెతా. ఈ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను. అప్పట్లో చెప్పకుండా ఉండి నేను పడ్డ అవస్థ చాలు.

నా పేరు ఇసికేలి. ఊరికి రొట్టెలు కాలుస్తాను. అరియెతా నా మేనమామ కూతురు, అంటే మరదలు. మా ఫిజీలో బావామరదళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. అనుకోకుండా మర్యాదగా ఉంటే "ఏం, మీ ఇద్దరికీ గొడవైందా?" అని పెద్దవాళ్ళు కంగారు పడతారు. ఆమె నన్ను బొగ్గుమొహం బావా అంటుంది. నేను ఆమెను డాక్టరమ్మా అంటాను, ఆమె చదివింది ఎనిమిదో తరగతి కాబట్టి.

పన్నెండేళ్ళ కింద ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఊరికొక ఆడమనిషిని పిలిచి ఆరు వారాలు శిక్షణ ఇచ్చారు. మా ఊరి నుంచి అరియెతా వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఒక రేకు పెట్టె, అందులో దూది, కట్లు, జ్వరం చూసే గొట్టం, బ్యాటరీతో నడిచే బీపీ మిషను, ఒక లావుపాటి రిజిస్టరు తెచ్చుకుంది. అప్పటి నుంచి ఊళ్ళో ఎవరి చెయ్యి దొరికితే వాళ్ళ చేతికి ఆ మిషను పట్టా చుట్టేది. కొలిచింది కొలిచినట్టు రాసేది. "ఒక పది తగ్గించి రాయవే, నా పెళ్ళాం చదువుతుంది," అని నేను బతిమాలితే, "ఉప్పు తగ్గించు, అదే తగ్గుతుంది," అనేది. అబద్ధం రాయమంటే ఆమె కలం కదలదు.

ఆ ఏడాది ఏప్రిల్లో రాజధాని సువాలో జబ్బు మళ్ళీ లేచింది. పడవలు ఆపేశారు. అరియెతా మొగుడు సకియూసా సువా రేవులో సరుకు దించే పని చేస్తాడు. క్రిస్మస్‌కి వచ్చి జనవరి సగం దాకా ఉండి వెళ్ళినవాడు, అక్కడే ఇరుక్కుపోయాడు. హోటళ్ళు మూతబడి అంతకు ముందే ఊరికొచ్చేసిన మగాళ్ళు ఇక్కడ ఇరుక్కుపోయారు. సాయంత్రమైతే రేడియోలో ఆ రోజు లెక్క చదివేవాళ్ళు, ఎంతమందికి వచ్చింది, ఎంతమంది పోయారు అని. ఒకరోజు పోయినవాళ్ళలో ఒక గర్భిణి ఉందని చెప్పారు. మర్నాడు మా ఊళ్ళో ముగ్గురు గర్భిణులూ తలుపులు వేసుకున్నారు.

వాదిసేవాకి ఇరవై రెండేళ్ళు, తొలి కాన్పు. కొబ్బరికాయల్ని సబ్బు పెట్టి కడిగేది. ఎవరైనా ఇంటి ముందు నుంచి వెళుతుంటే వాళ్ళు దాటేదాకా ఊపిరి బిగబట్టేది. మా ఊళ్ళో ముసలాళ్ళు మెల్లగా నడుస్తారు, పిల్ల మొహం నీలంగా మారేది. కెలెరాది మూడో కాన్పు. కరోనా అంతా వట్టిదని వాదించేది, కానీ నిద్రపోయేది కాదు. ఇక పాస్టరు గారి భార్య. ఆమె పైకి అంతా దేవుడి మీద వదిలేశానని చెప్పి, లోపల నిమ్మాకుల ఆవిరి పట్టీ పట్టీ ఒకనాడు ఆ గిన్నెలోకే తూలి పడింది.

అరియెతా ముగ్గురి దగ్గరికీ రోజూ వెళ్ళేది. కిటికీ బయట చెట్టు మొద్దు మీద కూచుని మాట్లాడేది.

"అక్కా, గాల్లోంచి కడుపులోకి పోతుందంటగా?" అనేది వాదిసేవా.

"కడుపుకి కిటికీలున్నాయా? ఊపిరి తీసుకో ముందు. నువ్వు ఊపిరి బిగబడితే లోపలున్నది నన్ను తిడుతోంది."

"ఆస్పత్రికెళితే ఒక్కదాన్నే ఉంచుతారంట. అమ్మని కూడా రానివ్వరంట."

"మీ అమ్మ లేకపోతే నీకే నయం. మొన్న నీ బీపీ కొలుస్తుంటే పక్కన నిలబడి ఏడ్చి, తన బీపీ పెంచుకుంది."

వాదిసేవా నవ్వేది. తలుపు ఒక జానెడు తెరిచేది. అరియెతా అదే చాలనుకుని చెయ్యి లోపలికి పెట్టి పట్టా చుట్టేది. జవాబు తెలియని ప్రశ్నలుంటే చిన్న పుస్తకంలో రాసుకునేది. ఫోను సిగ్నలు మా ఊరు మొత్తానికి నా రొట్టెల పొయ్యి వెనక దిబ్బ మీదే దొరుకుతుంది. పొద్దున్నే దిబ్బ ఎక్కి ఆరోగ్య కేంద్రంలో సిస్టరుకి ఫోను చేసి, ఒక్కో ప్రశ్నా అడిగి, జవాబు రాసుకుని, దిగుతూ నా దగ్గర ఒక బన్ను తినిపోయేది.

జూలైలో నా పిండి పొంగడం మానేసింది.

మొదటి రోజు ఉప్పు ఎక్కువైందనుకున్నాను. రెండో రోజు చలి అనుకున్నాను. మూడో రోజు వచ్చిన రొట్టె చూసి అపెనిసా, "ఇసికేలీ, దీంతో గోడ కట్టుకుంటే తుఫానుకి కూడా చెక్కుచెదరదు," అన్నాడు. జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. పడవలు ఆగిపోయి మూడు నెలలైంది, ఈస్టు డబ్బాలో అడుగున మిగిలిన పొడికి వాసన కూడా పోయింది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఈస్టు పాతదంటే తప్పు నాదవుతుంది. "ఊళ్ళో ఎవరో కడుపు దాచిపెట్టారు, అందుకే పొంగట్లేదు," అంటే తప్పు వాళ్ళదవుతుంది. నేను రెండోదే అన్నాను.

మా దగ్గర ఆడమనిషికి నెల తప్పితే అది ఊరందరి సంగతి. రెండో నెలలోనే ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి అందరికీ చెప్పాలి. దాచిపెడితే ఆమె చుట్టుపక్కల ఏ పనీ సరిగ్గా జరగదు. వలలో చేప పడదు, పిండి పొంగదు, కర్రపెండలం తవ్వితే లోపల నల్లగా ఉంటుంది. చదువుకున్నవాళ్ళు ఈ మాటకి నవ్వుతారు. నవ్వి, పెళ్ళానికి నెల తప్పగానే అందరికంటే ముందు వాళ్ళే వచ్చి చెప్పిపోతారు.

నేనన్న మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగింది. ఆ వారమే మగాళ్ళు పెద్ద వల వేస్తే పదకొండు చేపలు పడ్డాయి. పని లేక ముప్ఫై మంది మూడు నెలలుగా రోజూ అదే చోట వల వేస్తుంటే చేపలు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తాయి? కానీ ఆ మాట ఎవరికీ తోచలేదు. అపెనిసా ఊరిని సమావేశానికి పిలిచాడు. కరోనా కాబట్టి యాంగోనా వేరు కలిపిన నీళ్ళు తాగడానికి ఎవరి చిప్ప వాళ్ళు తెచ్చుకోవాలన్నారు. చాప మీద రెండేసి బారల దూరంలో కూచున్నాం, పక్కవాడి చెవిలో గుసగుసలాడాలంటే అరవాల్సి వచ్చింది.

"ఎవరో దాస్తున్నారు," అన్నాడు అపెనిసా. "ఎవరైనా సరే, చెప్పేస్తే ఎవరూ ఏమీ అనరు."

"మా అక్క మీదే నాకనుమానం," అంది వెనక నుంచి ఒకామె. "ఈమధ్య పుల్లటివి తెగ తింటోంది."

"నాకు అరవై ఒకటే దరిద్రపుదానా! పళ్ళు పుచ్చి తింటున్నా!" అంది ఆ అక్క.

అపెనిసా అరియెతా వైపు తిరిగాడు. "నర్సమ్మా, రిజిస్టరు నీ చేతిలో ఉంది. నువ్వే కనుక్కో."

అరియెతా లేచి నిలబడింది. పెద్ద ఒళ్ళు ఆమెది, మోకాళ్ళ దాకా వేలాడే పూల గౌను, కింద నేలను తాకే లంగా. ఆ గుడ్డల్లో గర్భం కాదుగదా, ఒక పంది పిల్లను దాచినా తెలియదు. "కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే నా దగ్గరికొచ్చి చెప్పండి. రాసుకుంటా," అంది. వారం తర్వాత అపెనిసా అడిగితే, "నా దగ్గరికి ఎవరూ రాలేదు," అంది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఆ తర్వాత నాలుగు రోజులకి నాకు తెలిసిపోయింది. పొయ్యిలో కట్టెలు సర్దుతున్నాను. దిబ్బ మీద నుంచి ఆమె గొంతు వినిపిస్తోంది. వాదిసేవా రాయించిన ప్రశ్న సిస్టరుని అడిగింది. కెలెరాది అడిగింది. పాస్టరు భార్యది అడిగింది. ఆవిరి ఇక పట్టొద్దని సిస్టరు గట్టిగా చెప్పినట్టుంది, "నేనూ అదే చెప్పాను," అంది. ఆగింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకొకామె అడుగుతోంది సిస్టర్. నలభై రెండేళ్ళు. ముందు ఇద్దరు పోయారు. ఏడో నెల. పొద్దున తలనొప్పి వస్తోందంట, కాళ్ళు వాస్తున్నాయంట. ఈ రోజుల్లో ఆస్పత్రికి రాకుండా ఇంట్లోనే ఉంటే ప్రమాదమా?" అంది.

మా ఊళ్ళో నలభై రెండేళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు. ఒకామెకి మొగుడు లేడు. ఒకామె నా పెళ్ళాం మాకెరెతా. నా చేతిలో కట్టె జారి కాలి మీద పడింది.

అరియెతా దిగి వచ్చింది. బన్ను అందుకోబోయింది. నేను ఇవ్వలేదు.

"నలభై రెండేళ్ళామె ఎవరే?" అన్నాను.

"పక్కవాళ్ళ మాటలు వినడానికేనా దేవుడు నీకు అంత పెద్ద చెవులిచ్చింది?"

"అరియెతా."

నేను పేరు పెట్టి పిలిచేసరికి ఆమె అక్కడే కట్టెల మీద కూలబడింది. మేమిద్దరం పేర్లు పెట్టి పిలుచుకుని ఎన్నాళ్ళైందో. తర్వాత నేల చూస్తూ చెప్పింది.

"మొదటిసారి రెండో నెలలోనే చెప్పా. మీరంతా చాపలు అల్లారు, పందిని కోశారు. ఏడో నెలలో పోయాడు. రెండోసారీ చెప్పా. మళ్ళీ చాపలు. అది పుట్టి రెండు రోజులుంది. దాన్ని ఆ చాపలోనే చుట్టి పెట్టాం బావా, నువ్వే కదా గొయ్యి తవ్వింది. రెండుసార్లూ అంతా సక్రమంగానే చేశా కదా, ఏమైంది? ఈసారి చెప్పకుండా చూద్దామనుకున్నా. అంతే."

"సకియూసాకి?"

"వాడికీ చెప్పలేదు. అక్కడ కూచుని ఏడవడం తప్ప ఏం చేస్తాడు?"

"బీపీ ఎంతుంది?"

"కొలవలేదు."

"ఊరందరి చేతులూ పిసికేస్తావు, నీది కొలుచుకోలేదా?"

"కొలిస్తే రాయాలి," అంది.

నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, రెండూ కలిసి నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, "మరి నా రొట్టెలో?" అని. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. ఆమె మాత్రం నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఎనిమిది నిండనీ. నేనే చెప్తా. అప్పటిదాకా నోరు విప్పావంటే, బొగ్గుమొహమోడా, నీ బీపీ చర్చిలో చదివిస్తా."

"సిస్టరు ఏమంది?"

"ఆమెని వెంటనే తీసుకురమ్మంది."

"మరి?"

"ఆస్పత్రిలో సగం మందికి అదే జబ్బంట బావా. పక్క మంచంలో దగ్గేవాళ్ళుంటారు. ఇంట్లో ఉంటే కనీసం ఆ భయం లేదు. నాకీ ఒక్కటీ దక్కాలి. ఇంకో అవకాశం రాదు నాకు."

ఒట్టేశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. పిండి పొంగదనే భయంతో, దిబ్బకి అవతలి వైపు నుంచి ఎక్కమన్నాను. పాపం అలాగే ఎక్కేది, బరువైన కాళ్ళతో, చుట్టూ తిరిగి. పిండి అప్పుడూ పొంగలేదు. ఆమె చెప్పులు కాళ్ళకి పట్టక వట్టి కాళ్ళతో నడవడం చూశాను. మెట్టు మీద కూచుని రెండు చేతులతో తల పట్టుకోవడం చూశాను. మాకెరెతా, "నీ మరదలికి ఒంట్లో బాలేనట్టుంది," అంటే, "ఎండ," అన్నాను. నాకు అన్నం సహించేది కాదు. నా మరదలు నా కళ్ళ ముందే చచ్చిపోతుందేమోనని భయం, చెబితే ఆమె ఇక నా మొహం చూడదేమోనని ఇంకో భయం. ముగ్గురు గర్భిణుల భయాల గురించి ఊరంతా మాట్లాడుకునేది. నా భయం గురించి చెప్పుకోవడానికి నాకు కిటికీ లేదు.

ఆగస్టు చివర్లో అవతలి ఊళ్ళో ఇద్దరికి కరోనా తేలింది. మూడు రోజుల్లో ఆరోగ్య శాఖ పడవ వచ్చింది, సిస్టరుతో, గర్భిణులకి వేసే టీకాతో సహా. అదే పడవలో ఊరి దుకాణానికి సరుకులూ, నాకొక ఈస్టు డబ్బా వచ్చాయి. బడి వరండాలో బల్లలు వేశారు. ఊరంతా వరుసలో నిలబడింది. మిగతావాళ్ళు సూది వేయించుకుని చెట్టు కింద కూచుంటున్నారు. ముగ్గురు గర్భిణులు మాత్రం గోడకి ఆనుకుని కదలట్లేదు. టీకా వేస్తే బిడ్డ పోతుందని ఎవరి ఫోనుకో ఎవరో పంపారు, అది ఊరంతా పాకింది.

అరియెతా వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అన్నీ చెప్పింది. సిస్టరు ఏమన్నదో, ఎంతమందికి వేశారో, జబ్బు వస్తే ఏమవుతుందో. పాస్టరు భార్య ప్రార్థన చేసుకోవాలంది. కెలెరా తల అడ్డంగా ఊపింది. వాదిసేవా ఏడుపు మొదలుపెట్టింది.

"నీకేంటక్కా, చెప్తావు! నీ కడుపులో ఏముంది పోవడానికి? నువ్వే నా స్థానంలో ఉంటే వేయించుకుంటావా?"

పోయిన ఇద్దరు పిల్లల సంగతీ అందరికీ తెలుసు. వాదిసేవా తల్లి కూతురి వీపు మీద ఒక్కటిచ్చింది. "నోరుముయ్యవే పాపిష్టిదానా!" అంది. వాదిసేవాకి అప్పటికి తానన్నది తెలిసొచ్చి రెండు చేతులతో నోరు మూసుకుంది.

అరియెతా నా వైపు ఒక్కసారి చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె నడిచి వెళ్ళి, గర్భిణుల కోసం వేసిన కుర్చీలో కూచుంది. కుర్చీ కిర్రుమంది.

"మూడు పేర్లు రాసిచ్చా కదా సిస్టర్. నాలుగోది రాసుకోండి," అంది. "అరియెతా. నలభై రెండు. ఏడు నెలలు నిండాయి. ముందు నాకే వెయ్యండి, వీళ్ళు చూస్తారు."

అపెనిసా నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "మొన్న నన్నే కదా కనుక్కోమన్నావు పెద్దాయనా," అంది అరియెతా ఆయన మొహం చూడకుండానే. "కనుక్కున్నా."

సిస్టరు సూది తియ్యలేదు. ముందు ఆమె చేతికి పట్టా చుట్టింది. మిషను బుసకొట్టి ఆగింది. సిస్టరు అంకె చూసి, పట్టా విప్పి, రెండో చేతికి చుట్టింది. నూట డెబ్బై ఆరు, కింద నూట పన్నెండు. ఊరి బీపీలు పన్నెండేళ్ళు కొలిచిన మనిషికి ఆ అంకె ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"సూది తర్వాత. పడవ ఎక్కు," అంది సిస్టరు. "ఇప్పుడే."

మామూలు రోజుల్లో మా ఊళ్ళో ఒక ఆడమనిషి ఆస్పత్రికి వెళితే ఇద్దరత్తలు, ఒక అమ్మమ్మ, వాళ్ళ చాపలు, వాళ్ళ కుండలు అన్నీ వెంట వెళతాయి. ఆ రోజు ఎవరినీ ఎక్కనివ్వలేదు. ఇసుకలో నిలబడ్డాం. మాకెరెతా నడుం లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకుని, "నాకెందుకు చెప్పలేదే, నాకెందుకు చెప్పలేదే," అని ఏడ్చింది. అరియెతా పడవలో పడుకుని ఉంది. అక్కణ్ణుంచే గొంతెత్తి, "వాదిసేవా! వెళ్ళి ఆ కుర్చీలో కూచో! నేను చూస్తున్నా!" అని అరిచింది. వాదిసేవా ఏడుస్తూనే వెళ్ళి కూచుంది. ఆమె వెనక కెలెరా, ఆమె వెనక పాస్టరు భార్య. సూదులు వేసేవాళ్ళని బడిలోనే వదిలేసి, ముగ్గురికీ అయ్యేదాకా కూడా ఆగకుండా పడవ కదిలింది.

ఆ సాయంత్రం మాకెరెతాకి నా ఒట్టు సంగతి చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మర్నాడు పిండి పొంగింది. కొత్త ఈస్టు వేసింది ఆ రోజే, అరియెతా బయటపెట్టిందీ ముందు రోజే. ఏది కారణమో నన్నడక్కండి. ఆ రొట్టెలు ఎవరూ కొనడానికి రాలేదు.

నాలుగో రోజు దిబ్బ మీద నా ఫోను మోగింది. సువా పెద్దాస్పత్రి నుంచి. దిబ్బ మీదకి ఊరు ఊరంతా ఎక్కొచ్చింది.

"బావా, రేపు కోసి తీస్తారంట," అంది. "పక్కన ఎవరూ లేరు. సకియూసా గేటు బయట నిలబడ్డాడంట, లోపలికి రానివ్వట్లేదు. నాకు భయంగా ఉంది బావా. చాలా భయంగా ఉంది."

జీవితంలో ఆమె నోట ఆ మాట వినలేదు నేను. వేళాకోళం చెయ్యాలని చూశాను. వాదిసేవా నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "అక్కా, నేనే," అంది. "ఊపిరి బిగబట్టకు. నేను లెక్కపెడతా, నువ్వు తీసుకో," అని ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టింది. ఫోనులో ఛార్జింగు అయిపోయేదాకా లెక్కపెట్టింది. ఆ తర్వాత కూడా కాసేపు లెక్కపెట్టింది.

మర్నాడు పాప పుట్టింది. కిలోన్నర కూడా లేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. బతుకుతుందో లేదో వారం దాకా చెప్పలేమన్నారు. వారమైంది, ఇంకో వారం అన్నారు. అలా ఐదు వారాలు. ఈలోగా వాదిసేవాకి ఆరోగ్య కేంద్రంలో కొడుకు పుట్టాడు, ఒక్కతే వెళ్ళి ఒక్కతే కని వచ్చింది.

పడవలు మళ్ళీ తిరిగాక అరియెతా వచ్చింది. సకియూసా సామాన్లు మోస్తున్నాడు. పాప ఆమె గుండెకి కట్టి ఉంది, ఒక్క ముక్కు మాత్రం కనిపిస్తోంది. అందరం మాస్కులు కట్టుకుని ఇసుకలో వరుసగా నిలబడ్డాం. అపెనిసా గొంతు సవరించుకున్నాడు. దాచినందుకు ఊరికి క్షమాపణ చెప్పుకోవాలి, అది పద్ధతి. కానీ అరియెతా మొహం చూస్తూ ఆయనకి ఆ మాట రావట్లేదని అందరికీ తెలుస్తోంది. చివరికి, "చెప్పాల్సింది చెప్పలేదు నువ్వు," అన్నాడు, అంతే.

"అవును. చెప్పలేదు," అంది అరియెతా. "ఇప్పుడు చెప్తా."

ఇంటికి కూడా వెళ్ళలేదు. రేవు పక్కనున్న మొదటి ఇంటి దగ్గర మొదలుపెట్టింది. ఆ ఇంటివాళ్ళు అప్పటిదాకా ఇసుకలో మా పక్కనే నిలబడి ఉన్నారు. ఆమె తమ గుమ్మం వైపు నడవడం చూసి గబగబా పరుగెత్తి లోపలికి దూరి తలుపు వేసుకున్నారు, ఆమె వచ్చి తట్టడానికి. మిగతా ఇళ్ళవాళ్ళూ అర్థం చేసుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పరుగెత్తారు. నేనూ, మాకెరెతా కూడా వెళ్ళి లోపల కూచున్నాం. ముప్ఫై ఎనిమిది ఇళ్ళు. మా ఇంటి వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

తలుపు తట్టింది. మాకెరెతా తీసింది. అరియెతా గుమ్మంలో నిలబడి, నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"బావా, అక్కా, మీకొక మాట చెప్పాలి. నాకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు పెనియాసి. వాడు కళ్ళు తెరవలేదు. రెండోది లిటియా, రెండు రోజులుంది. ఇది మూడోది."

పదిహేనేళ్ళలో ఆ పేర్లు మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆమెకి బాధని, ఊరంతా కలిసి అడగకుండా ఊరుకున్నాం. లిటియాకి గొయ్యి తవ్వింది నేను, పేరు తెలియకుండా తవ్వాను.

"మూడోదాని పేరు?" అంది మాకెరెతా.

"ఇంకా పెట్టలేదు. మీ అందరికీ చెప్పాక పెడదామనుకున్నా," అంది అరియెతా. "లోపలికి రానా? కాళ్ళు నొప్పులు పుడుతున్నాయి."

నేను చాప పరిచాను.